జెట్ స్కీ బ్యాటరీలో ఛార్జ్ నిలవడం లేదా? కొత్తది కొనేముందు ఈ వరసలో చూడండి

శనివారం పొద్దున్నే పిల్లలకి లైఫ్ జాకెట్లు తొడిగి, పులిహోర డబ్బాలో సర్దుకుని, ట్రైలర్ తగిలించుకుని లేక్‌కి వెళ్తాం. ర్యాంప్ దగ్గర మన వెనక నాలుగు బండ్లు లైన్‌లో ఉంటాయి. స్టార్ట్ బటన్ నొక్కితే రిలే టిక్ టిక్ మంటుంది తప్ప ఇంజిన్ కదలదు. మూడు వారాల కిందటే ఫుల్ ఛార్జ్ పెట్టాం కదా అనుకుంటాం. వెనకవాళ్లు హారన్ కొట్టకపోయినా టెన్షన్ మాత్రం తప్పదు.

డాలస్ పక్కన లూయిస్‌విల్ లేక్‌లో తిప్పుకోవడానికి మేమూ, మా స్నేహితుల కుటుంబమూ కలిసి రెండు సెకండ్ హ్యాండ్ జెట్ స్కీలు, అంటే నీళ్ల మీద స్కూటర్‌లా నడిపే బండ్లు, కొన్నాం. మొదటి వేసవంతా ఇదే బాధ. ఆ ఒక్క వేసవిలో రెండు కొత్త బ్యాటరీలు కొన్నాం. తీరా చూస్తే మేం తీసి పక్కన పెట్టిన పాత బ్యాటరీల్లో ఒకటి ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. తప్పు బ్యాటరీది కాదు, కొలవకుండా కొన్న మాది. మీకు ఆ ఖర్చు తప్పాలని మేం నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. అందరం జెట్ స్కీ అనేస్తాం గానీ ఆ పేరు కవాసాకి వాళ్లది. యమహా వాళ్లది వేవ్‌రన్నర్, బీఆర్‌పీ వాళ్లది సీ-డూ. బ్యాటరీ విషయంలో మూడింటికీ లెక్క ఒక్కటే, కాబట్టి ఇక్కడ చెప్పేది దేనికైనా పనికొస్తుంది. మీ మోడల్‌కి ప్రత్యేకమైన అంకెల కోసం మాత్రం మాన్యువల్ దగ్గర పెట్టుకోండి.

ఇంటి మీద నీళ్ల ట్యాంకు రోజూ పొద్దున్నకల్లా ఖాళీ అవుతోందనుకోండి. ఏం చూస్తాం? ట్యాంకుకి చిల్లు పడిందా, మోటర్ నీళ్లు ఎక్కిస్తోందా, ఇంట్లో ఎక్కడైనా కుళాయి కారుతోందా అని చూస్తాం. ట్యాంకు నిండుగా ఉన్నా నీళ్లు రాకపోతే పైపు పూడుకుపోయిందేమో చూస్తాం. జెట్ స్కీలో కూడా ఈ నాలుగే. బ్యాటరీ పాడవడం, ఇంజిన్ దాన్ని ఛార్జ్ చేయకపోవడం, బండి ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగేయడం, వైర్ల కొసలు చిలుము పట్టడం. ఈ నాలుగింటిలో మీది ఏదో మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే చిన్న మీటర్) చెబుతుంది.

చేయి పెట్టే ముందు: పెట్రోలు ఆవిరి

కారుకీ దీనికీ పెద్ద తేడా ఇక్కడే ఉంది. కారు బానెట్ కిందికి గాలి ధారాళంగా ఆడుతుంది. జెట్ స్కీ అలా కాదు, అదొక పడవ. నీళ్లు రాకుండా అన్ని వైపులా మూసి ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి అడుగుకి దిగి అక్కడే కూర్చుంటుంది. అందుకని సీటు తీసేసి కనీసం పది నిమిషాలు గాలికి వదిలేయండి. తర్వాత వంగి వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమంటే బ్యాటరీ సంగతి తర్వాత, ముందు ఆ లీకు ఎక్కడో వెతకాలి. అప్పటిదాకా ఒక్క వైరు కూడా ముట్టుకోవద్దు.

మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆయనా నా పక్కన నిలబడి చూశారు. పొలంలో ట్రాక్టర్ బ్యాటరీని ముప్పై ఏళ్లు చూసుకున్న మనిషి. కేబుల్ కొస తీసి టెర్మినల్‌కి చురుక్కున తాకించి, నిప్పురవ్వ ఎంత వస్తుందో చూస్తే ఛార్జ్ తెలిసిపోతుందిరా అన్నారు. బయలు గాలిలో ఆయనకి అలాగే జరిగిపోయింది. "వద్దు నాన్నా, ఇందులో పెట్రోలు ఆవిరి ఉంటుంది" అని ఆపేశాను. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఆ అలవాటున్న పెద్దవాళ్లుంటే ముందే చెప్పండి. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ కూడా వస్తుంది, దానికీ ఒక్క రవ్వ చాలు.

కేబుళ్లు విప్పేటప్పుడు నలుపు ముందు, ఎరుపు తర్వాత. బిగించేటప్పుడు ఎరుపు ముందు, నలుపు చివర. ఈ వరస తప్పితే స్పానర్ జారి ఇంజిన్‌కి తగిలినప్పుడు షార్ట్ అవుతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, అందులో 10 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. బోల్టుకి సరిపోయే స్పానర్, వైర్ బ్రష్, ఉప్పుకాగితం, మంచి టార్చ్, ఏజీఎం (నీళ్లు పోసే పని లేకుండా మూసి ఉండే బ్యాటరీ రకం) మోడ్ ఉన్న చిన్న ఛార్జర్.

మొదటి పని: బ్యాటరీని బయటికి తీయండి

బండిలోనే ఉంచి క్లిప్పులు తగిలించి ఛార్జ్ పెట్టడం చాలామంది చేస్తారు. అలా చేయకండి. పైన చెప్పిన ఆవిరి ఒక కారణం. బయటికి తీస్తే తప్ప బ్యాటరీ నాలుగు వైపులా కనబడదు, అది రెండో కారణం.

టార్చ్ వేసి చూడండి. పక్కలు ఉబ్బాయా? టెర్మినల్ మొదట్లో పగులు ఉందా? పట్టి ఉంచే రబ్బరు పట్టీ వదులైపోయిందా? నీళ్ల మీద బండి ఎగిరెగిరి పడుతుంటే లోపలి ప్లేట్లు అదురుతూనే ఉంటాయి. పట్టీ వదులుగా ఉంటే మంచి బ్యాటరీ కూడా ఒక్క సీజన్‌లో చెడిపోతుంది. ఉబ్బింది, పగిలింది అయితే ఇక పరీక్ష దేనికి, మార్చేయండి. కానీ ఉబ్బడానికి కారణం ఓవర్‌ఛార్జింగ్ కావచ్చు కాబట్టి, కింద రెగ్యులేటర్ గురించి చెప్పింది మాత్రం వదలకండి.

పైన రాసి ఉన్న నంబరు కూడా చూసుకోండి. పాత టూ-స్ట్రోక్ బండ్లలో ఎక్కువగా వైబీ16సీఎల్-బీ ఉంటుంది. అది యాసిడ్ పోసే రకం, కెపాసిటీ 19 ఆంపియర్-అవర్ (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే లెక్క). తర్వాతి బండ్లలో చాలావాటిలో వైటీఎక్స్20ఎల్-బీఎస్ అనే ఏజీఎం బ్యాటరీ కనిపిస్తుంది, 18 ఆంపియర్-అవర్. యాసిడ్ రకమైతే మూతలు తీసి నీటి మట్టం చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. దానికి పక్కన సన్నని గాలి గొట్టం ఉంటుంది. అది నలగకుండా, ఊడకుండా ఉందో లేదో చూడండి.

టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. ఆ నీళ్లు మూతల లోపలికి పోకూడదు.

రెండో పని: నిదానంగా నింపండి

కొలిచే ముందు ఫుల్ ఛార్జ్ చేయాలి. సగం ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీని పరీక్షిస్తే మంచిదీ చెడ్డదీ ఒకేలా కనిపిస్తాయి.

ఇక్కడ తొందర పనికిరాదు. బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు కరెంటు చాలు. 18 ఆంపియర్-అవర్ బ్యాటరీకి 1.8 ఆంపియర్లు, మహా అయితే 2. గరాజ్‌లో ఉన్న 10 ఆంపియర్ల కారు ఛార్జర్ తగిలిస్తే రెండు గంటల్లో అయిపోతుందని ఆశపడకండి. అంత చిన్న బ్యాటరీ దానికి వేడెక్కిపోతుంది. ఏజీఎం అయితే ఒకసారి వేడెక్కి లోపలి తేమ పోగొట్టుకుందంటే మళ్లీ నీళ్లు పోసే దారి కూడా లేదు. రాత్రి పెట్టి పొద్దున్న తీయండి.

స్మార్ట్ ఛార్జర్లతో ఒక చిక్కుంది. బ్యాటరీ మరీ అడుగంటిపోతే చాలా ఛార్జర్లు అసలు అక్కడ బ్యాటరీ ఉన్నట్టే గుర్తించవు, ఎర్ర లైటు వేసి ఊరుకుంటాయి. అందుకే బ్యాటరీ చచ్చిపోయిందని పారేసేవాళ్లు ఉంటారు. కొన్ని ఛార్జర్లలో ఇలాంటివాటికి వేరే మోడ్ ఉంటుంది, అది నొక్కి చూడండి. లేచి నిలబడితే నిలబడుతుంది.

కింద నేల మీద పెడితే ఛార్జ్ దిగిపోతుందని మా గరాజ్‌లో ఒకరు చెక్క పీట తెచ్చి ఇచ్చారు. పాతకాలంలో బ్యాటరీ పెట్టెలు వేరే రకంగా ఉన్నప్పుడు ఆ మాటలో నిజం ఉండేది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకి కాంక్రీటు నేల ఏమీ చేయదు.

మూడో పని: తీసి పక్కన పెట్టి కొలవండి

ఛార్జర్ తీసిన వెంటనే మీటర్ పెడితే 13 పైన చూపిస్తుంది. అది నిజమైన బలం కాదు, పైపైన ఉన్న ఛార్జ్. కేబుళ్లు తగిలించకుండా విడిగా ఒక రాత్రి వదిలేసి అప్పుడు కొలవండి.

ఏజీఎం బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే 12.8 వోల్టులు, ఆ పైన చూపించాలి. 12.5 దగ్గర ఉంటే ముప్పాతిక నిండినట్టు. 12.2 దగ్గర సగం. 12 కి దిగిందంటే దాదాపు ఖాళీ. యాసిడ్ రకమైతే ఫుల్ ఛార్జ్ మీద 12.6 నుంచి 12.7 దాకా ఉంటుంది.

10.5 దగ్గర ఆగిపోతే ఇక ఆలోచించక్కర్లేదు. లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి దాదాపు 2.1 వోల్టులు. ఆరింటికీ కలిపి 12.6. అందులో ఒకటి పోతే మిగిలేది 10.5. ఎన్నిసార్లు ఛార్జ్ పెట్టినా అది అంతే.

ఇప్పుడు ఇంకో పని చేయండి. అదే బ్యాటరీని ఏ వైరూ తగిలించకుండా గరాజ్‌లో వారం పాటు వదిలేసి మళ్లీ కొలవండి. మంచి ఏజీఎం నెలకి కొద్ది శాతమే తనంతట తాను దిగుతుంది, కాబట్టి వారానికి తేడా పెద్దగా కనబడకూడదు. విడిగా ఉన్నప్పుడే 12.8 నుంచి 12.3 కి వచ్చేసిందా? ట్యాంకుకే చిల్లు, బ్యాటరీ మార్చండి. విడిగా నిలిచి, బండిలో పెడితే దిగుతోందా? అప్పుడు తప్పు బండిలో ఉంది. మేం మొదటే ఈ వారం ఆగి ఉంటే రెండు బ్యాటరీల డబ్బు మిగిలేది.

వోల్టులు సరిగ్గా ఉన్నంత మాత్రాన పూర్తి మార్కులు ఇవ్వకండి. బరువు మోయగలగాలి కూడా. బండిలో బిగించి, మీటర్ రెండు టెర్మినళ్ల మీద పట్టుకుని, ఇంకొకరిని స్టార్ట్ నొక్కమనండి. స్టార్టర్ తిరుగుతున్నంతసేపూ 9.6 వోల్టులకి కిందికి పోకూడదు. 12.8 చూపించిన బ్యాటరీ స్టార్ట్ నొక్కగానే 7 కి పడిపోతే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిందని అర్థం. చేతకాకపోతే బ్యాటరీని ఆటో పార్ట్స్ షాపుకి పట్టుకెళ్లండి. అమెరికాలో చాలా చోట్ల డబ్బు తీసుకోకుండానే లోడ్ టెస్ట్ చేసి కాగితం చేతిలో పెడతారు.

నాలుగో పని: కేబుళ్ల కొసలు

బ్యాటరీ మంచిదని తేలింది. ఇప్పుడు కేబుళ్ల దగ్గరికి రండి. ఇక్కడ కొంచెం ఓపిగ్గా ఉండండి.

మా రెండో బండిలో బోల్టులు తళతళలాడుతున్నాయి. పాత ఓనర్ గ్రీజు కూడా రాశాడు. చూసి బాగానే ఉందనుకుని వదిలేశాం. ఒకరోజు నలుపు కేబుల్‌ని ఊరికే వేళ్లతో వంచితే లోపల ఇసుక నలిగినట్టు కరకరలాడింది. పైన ఉన్న నల్ల ప్లాస్టిక్ తొడుగుని బ్లేడుతో చీల్చాను. లోపల రాగి తీగలు ఎర్రగా లేవు. అటకెక్కించిన పాత రాగి చెంబు మీద పట్టినట్టు పచ్చటి చిలుము, దాని కింద నల్లటి పొడి. మెల్లగా లాగితే కొసన ఉన్న రింగు నా చేతిలోకి ఊడి వచ్చేసింది. నాలుగైదు తీగల మీదే బండి అంతకాలం నడిచింది. ఇంజిన్ నుంచి వచ్చే ఛార్జ్ కూడా ఆ నాలుగైదు తీగల మీదుగానే బ్యాటరీకి చేరాలి, మరి నిండడం ఎలా?

అందుకని కళ్లతో చూసి ఊరుకోకండి, వంచండి, లాగండి, కొలవండి. కొలిచే పద్ధతి ఇది. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టండి. ఎర్ర పిన్ను బ్యాటరీ పాజిటివ్ సీసపు ముక్క మీదే పెట్టాలి, బోల్టు మీద కాదు. నల్ల పిన్ను ఆ ఎర్ర కేబుల్ వెళ్లి చేరే స్టార్టర్ రిలే బోల్టు మీద. ఇంజిన్ తిప్పండి. మంచి కేబుల్ అయితే 0.2 వోల్టులు కూడా రాకూడదు. అర వోల్టు, వోల్టు చూపిస్తే ఆ మేరకి కరెంటు దారిలోనే వేడిగా పోతోంది. నలుపు వైపు కూడా అంతే. ఒక పిన్ను నెగెటివ్ సీసం మీద, ఇంకోటి ఇంజిన్ బాడీ మీద శుభ్రమైన లోహపు చోట.

ఇంజిన్ స్టార్ట్ కాకుండా తిప్పడానికి సీ-డూ లాంటి ఇంజెక్షన్ బండ్లలో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే సరిపోతుంది, పెట్రోలు ఆగిపోతుంది. మీ బండిలో ఉందో లేదో మాన్యువల్ చూడండి. పాత కార్బరేటర్ బండిలో ప్లగ్ క్యాపులు విప్పితే వాటిని గ్రౌండ్ పోస్టుల మీద గుచ్చండి, గాలిలో వదిలేయకండి. రవ్వ ఎగురుతుంది.

చిలుము పట్టిన కేబుల్‌ని గోకి మళ్లీ బిగించడం నాకు ఇష్టం లేదు. తీగ లోపలికి ఎంత దూరం పాకిందో పైకి తెలియదు. తగరపు పూత ఉన్న మెరైన్ కేబుల్ అదే మందంలో కొని, రింగు గట్టిగా క్రింప్ చేయించి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగండి. మాది మంచినీళ్ల లేక్, అయినా ఇలా అయింది. విశాఖ రుషికొండ బీచ్ లాంటి చోట ఉప్పునీళ్లలో రోజంతా నడిపే బండ్లకి ఈ పరీక్ష నెలకి ఒకసారైనా చేయాలి. ఉప్పు అంత త్వరగా తినేస్తుంది.

ఐదో పని: ఆగి ఉన్నప్పుడు ఎవరు తాగుతున్నారు?

అన్నింటికన్నా ఎక్కువసేపు మమ్మల్ని తిప్పలు పెట్టింది ఇదే.

కీ తీసేయండి. అన్నీ ఆపేయండి. నలుపు కేబుల్ విప్పండి. మీటర్ ఎర్ర పిన్నుని 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, మీటర్‌ని కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్యలో వంతెనలా పెట్టండి. ఇప్పుడు బండి తాగే కరెంటంతా మీటర్ గుండానే పోతుంది. ఈ స్థితిలో పొరపాటున కూడా స్టార్ట్ నొక్కకండి, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. మొదట కొంచెం ఎక్కువ చూపిస్తుంది, బండిలోని కంప్యూటర్ నిద్రపోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆగండి. తర్వాత రీడింగ్ చిన్నగా ఉంటే మిల్లీఆంపియర్ల సాకెట్‌కి మార్చుకోవచ్చు.

అంకెని ఎలా అర్థం చేసుకోవాలి? లెక్క తేలిక. 18 ఆంపియర్-అవర్ బ్యాటరీని 5 మిల్లీఆంపియర్లు తాగితే ఖాళీ కావడానికి 3600 గంటలు, అంటే 150 రోజులు. దానికి కంగారు అక్కర్లేదు. అదే 50 మిల్లీఆంపియర్లు అయితే 360 గంటలు, సరిగ్గా 15 రోజులు. రెండు వారాలకోసారి లేక్‌కి వెళ్లేవాళ్లకి ప్రతిసారీ బండి ఎందుకు మొరాయిస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది. పైగా మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆగదు, సగం దిగగానే స్టార్టర్ బరువైపోతుంది.

ఎక్కువ చూపిస్తే మీటర్ అలాగే ఉంచి ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి. ఏది తీస్తే అంకె టక్కున పడిపోతుందో దొంగ ఆ లైన్‌లో ఉంది. పాటల స్పీకర్లు, ఫోన్ ఛార్జింగ్ సాకెట్, చేపలు చూసే తెర, ఇలా తర్వాత బిగించినవాటిని ముందు అనుమానించండి. వీటిని తరచుగా ఫ్యూజు పెట్టెతో పని లేకుండా నేరుగా బ్యాటరీకే కలిపేస్తారు. బ్యాటరీ బోల్టు కింద కంపెనీ కేబుల్ కాకుండా సన్న వైర్లు కనిపిస్తే వాటిని కూడా ఒక్కొక్కటే విప్పి చూడండి.

మా మొదటి బండిలో మీటర్ 3 మిల్లీఆంపియర్లే చూపించింది. అంతా బాగుందని మూసేశాం. మూడు వారాలకి మళ్లీ అదే టిక్ టిక్. అసలు కారణం ఒక రాత్రి గరాజ్‌లో ఫ్రిజ్ ఆగి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వినబడింది. బండి లోపలి నుంచి 'గుర్' అని ఒక్క క్షణం చప్పుడు, మళ్లీ నిశ్శబ్దం. వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. రెండున్నర నిమిషాలకి మళ్లీ 'గుర్'. పాత ఓనర్ బిగించిన ఆటోమేటిక్ బిల్జ్ పంపు అది, బండి అడుగున చేరిన నీళ్లని బయటికి తోసేది. అడుగున నీళ్లు చేరాయేమో చూడటానికి రెండున్నర నిమిషాలకోసారి సెకను పాటు తిరిగి చూసుకునే రకం. తిరిగిన ఆ సెకను 2 ఆంపియర్లు లాగుతుంది. 150 సెకన్లకి ఒక సెకను అంటే సగటున 13 మిల్లీఆంపియర్లు. ముందున్న 3 కలిపితే 16. లెక్కేస్తే 18 ఆంపియర్-అవర్ బ్యాటరీ 47 రోజుల్లో ఖాళీ, మూడు వారాల్లో దాదాపు సగం. మాకు జరిగింది ముమ్మూర్తులా అదే. మేం మీటర్‌ని నిమిషం చూసి తీసేశాం, అది రెండున్నర నిమిషాలకి గానీ పలకదు.

కాబట్టి మీటర్ పెట్టాక కనీసం ఐదు నిమిషాలు అంకె మీంచి కళ్లు తిప్పకండి. మేం ఆ పంపు లైన్‌లో నీళ్లు తట్టుకునే ఒక స్విచ్ పెట్టాం. నీళ్లలో ఉన్నప్పుడు ఆన్, ట్రైలర్ ఎక్కాక డ్రెయిన్ ప్లగ్గులు తీసేసి ఆఫ్. బండిని నీళ్లలోనే కట్టి ఉంచేవాళ్లు మాత్రం పంపు ఆపకూడదు. వాళ్లకి దారి వేరు, డాక్ దగ్గర చిన్న ఛార్జర్ గానీ సోలార్ మెయింటెయినర్ (బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే చిన్న ఛార్జర్) గానీ పెట్టుకోవాలి.

ఆరో పని: ఇంజిన్ ఛార్జ్ చేస్తోందా?

జెట్ స్కీల్లో కారుకున్నట్టు బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ సాధారణంగా ఉండదు. ఫ్లైవీల్‌లో అయస్కాంతాలు, దాని లోపల స్టేటర్ అనే కాయిల్. అక్కడ పుట్టిన ఏసీ కరెంటుని రెగ్యులేటర్-రెక్టిఫయర్ డీసీగా మార్చి, ఎక్కువ కాకుండా పట్టి ఉంచి బ్యాటరీకి పంపుతుంది.

ఇంజిన్ ఆన్ చేసి కొలవాలంటే ఇంట్లో కుళాయి నీళ్లని బండిలోకి పంపే ఫ్లషింగ్ పైపు తగిలించాలి. ఇక్కడ వరస ప్రాణం లాంటిది: ముందు ఇంజిన్ స్టార్ట్, వెంటనే కుళాయి. ఆపేటప్పుడు ముందు కుళాయి కట్టి, తర్వాత ఇంజిన్. తిరగేస్తే నీళ్లు ఎగ్జాస్ట్ గుండా ఇంజిన్‌లోకి పోతాయి, బ్యాటరీ కోసం మొదలుపెట్టిన పని ఇంజిన్ రిపేరుతో ముగుస్తుంది. పైపు ఉన్నా నీళ్లకి బయట ఎంతసేపు నడపొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని దాటకండి. పిల్లల్ని వెనక వైపు, నీళ్లు చిమ్మే జెట్ పంపు దగ్గరికి రానివ్వకండి.

బ్యాటరీ టెర్మినళ్ల మీద మీటర్ పెట్టి ఐడిల్‌లో చూడండి, తర్వాత 3000 ఆర్‌పీఎం దాకా పెంచి చూడండి. 13.5 నుంచి 14.8 మధ్యకి వస్తే ఛార్జింగ్ సవ్యంగా ఉంది. ఐడిల్‌లో కొంచెం తక్కువ ఉండి రేస్ ఇస్తే పెరగడం మామూలే. ఎంత పెంచినా 12.5 దగ్గరే కూర్చుంటే ఛార్జ్ రావడం లేదు. 15 దాటి పైకి పోతుంటే వెంటనే ఆపేయండి. రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీని ఉడికించేస్తోంది. ఉబ్బిన బ్యాటరీలకి కారణం చాలాసార్లు ఇదే.

ఛార్జ్ రాకపోతే ముందు ఛార్జింగ్ ఫ్యూజు చూడండి. తీసి మీటర్‌తోనే చూడాలి, కంటితో కాదు. తర్వాత రెగ్యులేటర్ సాకెట్ విప్పి పిన్నులు నల్లబడ్డాయా, ప్లాస్టిక్ కరిగిందా చూడండి. తర్వాత స్టేటర్ నుంచి వచ్చే మూడు వైర్లు, చాలా బండ్లలో మూడూ పసుపు రంగులోనే ఉంటాయి. ఇంజిన్ ఆపి రెండేసి వైర్ల మధ్య ఓమ్స్ కొలవండి. మూడు జతలూ సమానంగా, ఒక ఓమ్ లోపే ఉండాలి. వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య మాత్రం అసలు కలవకూడదు. కలిసిందంటే స్టేటర్ కాయిల్ కాలి బాడీకి తగులుతోంది. స్టేటర్ సరిగ్గా ఉండి, వైర్లు, ఫ్యూజు సరిగ్గా ఉండి ఛార్జ్ రాకపోతే మిగిలింది రెగ్యులేటరే. రెగ్యులేటర్ మార్చడం ఇంట్లో చేసుకోదగ్గ పని. స్టేటర్ మాత్రం ఇంజిన్ కవర్ విప్పాలి, నేనైతే తెలిసిన మెకానిక్‌కే ఇస్తాను.

అన్నీ బాగున్నా దిగిపోతుంటే

అప్పుడు మనం వాడే తీరు చూసుకోవాలి. ఇంజిన్ ఒకసారి స్టార్ట్ చేయడానికి ఖర్చు తక్కువే. 100 ఆంపియర్ల చొప్పున 3 సెకన్లు లాగినా 0.08 ఆంపియర్-అవరే. లేక్ మధ్యలో ఇంజిన్ ఆపేసి పాటలు పెట్టుకుంటాం చూడండి, అదీ అసలు ఖర్చు. స్పీకర్లు 4 ఆంపియర్లు లాగితే రెండు గంటలకి 8 ఆంపియర్-అవర్, దాదాపు సగం బ్యాటరీ. తిరిగి ర్యాంప్ దాకా పది నిమిషాలు ఐడిల్‌లో వస్తే అది పూడదు. పాటలు కావాలంటే విడిగా ఛార్జ్ అయ్యే బ్లూటూత్ స్పీకర్ తెచ్చుకోండి. నీళ్ల మధ్యలో బండి స్టార్ట్ కాకపోతే ఒడ్డుకి లాగే నాథుడు ఉండడు.

బ్యాటరీ దిగింది కదా అని ర్యాంప్ దగ్గర కారు ఇంజిన్ ఆన్‌లో పెట్టి జంపర్ కేబుళ్లు తగిలించకండి. బండిలోని ఎలక్ట్రానిక్స్ పోయే ప్రమాదం ఉంది, నిప్పురవ్వ భయం సరేసరి. కొన్ని మాన్యువళ్లు జంప్ స్టార్టే వద్దంటాయి. ఇంటికి తెచ్చుకుని బయట ఛార్జ్ చేసుకోండి.

నిజంగా కొత్తది కొనాల్సి వస్తే

పాత నంబరుకి సరిపోయేదే కొనండి, టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయో సరిచూసుకోండి. పాతది తీసుకెళ్లి ఇస్తే అమెరికాలో షాపువాళ్లు ముందు వసూలు చేసిన కోర్ డిపాజిట్ తిరిగి ఇస్తారు. యాసిడ్ విడిగా వచ్చే రకమైతే పోసి, మాన్యువల్ చెప్పినంతసేపు నాననిచ్చి, బండిలో పెట్టకముందే ఫుల్ ఛార్జ్ చేయాలి. షాపు నుంచి తెచ్చి నేరుగా బిగించేస్తే అది జీవితంలో ఎప్పటికీ పూర్తిగా నిండదు. మేం కొన్న రెండింటిలో మొదటిదాన్ని అలాగే పాడుచేసుకున్నాం.

చలికాలం వచ్చి బండి మూలన పెట్టేటప్పుడు బ్యాటరీ బయటికి తీసి, ఫుల్ ఛార్జ్ చేసి, గరాజ్‌లో చల్లగా పొడిగా ఉన్న చోట మెయింటెయినర్ తగిలించి ఉంచండి. మెయింటెయినర్ లేకపోతే నెలకోసారి మీటర్ పెట్టి, 12.5 కి దిగగానే మళ్లీ ఛార్జ్ చేయండి. 12.4 కి కింద నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా ఎక్కదు. మేం బ్యాటరీ మీద ఒక టేపు ముక్క అంటించి, కొలిచిన తేదీ, వోల్టులు పెన్నుతో రాస్తాం. ఆ పాత బ్యాటరీ టేపు మీద చివరిగా రాసి ఉన్న అంకె 12.8.